తిట్టుకుంటూనే వెళ్లే దుకాణం: మార్క్స్ అండ్ స్పెన్సర్‌తో బ్రిటన్ జనం బంధం

2025 ఈస్టర్ సెలవుల్లో బ్రిటన్‌లో బట్టలు, తిండి సరుకులు అమ్మే మార్క్స్ అండ్ స్పెన్సర్ షాపుల్లో కార్డు తాకిస్తే డబ్బు కట్టించుకునే మెషీన్లు మొరాయించాయి. ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టి, షాపుకొచ్చి తీసుకుందామనుకున్నవాళ్లకి సరుకు అందలేదు. అది సైబర్ దాడి అని త్వరలోనే తేలింది. ఏప్రిల్ 25న కంపెనీ తన వెబ్‌సైట్‌లో ఆర్డర్లు తీసుకోవడమే ఆపేసింది. మళ్లీ మొదలుపెట్టింది జూన్ 10న. అంటే 46 రోజుల పాటు ఆన్‌లైన్‌లో షట్టర్ దించుకుని కూర్చుంది. కస్టమర్ల పేర్లు, చిరునామాలు, పుట్టిన తేదీలు, ఏమేం కొన్నారన్న వివరాలు దొంగల చేతికి చిక్కాయని కంపెనీయే ఒప్పుకుంది. వాడుకోడానికి పనికొచ్చే కార్డు వివరాలు, పాస్‌వర్డులు మాత్రం పోలేదని చెప్పింది.

ఇంకో కంపెనీకి ఇలా జరిగితే జనం నాలుగు రోజులు తిట్టి వేరే సైటుకి వెళ్లిపోతారు. ఇక్కడ కోపంతో పాటు ‘పాపం మార్క్స్’ అన్న మాట కూడా వినబడింది. ఈ షాపు బట్టలు మునుపటిలా లేవని ఏళ్ల తరబడి సణుగుతున్నవాళ్లు కూడా ఇంట్లో మనిషికి జ్వరమొచ్చినట్టు మాట్లాడారు.

ఈ ప్రేమా చిరాకూ కలిసిన ధోరణి బయటివాళ్లకి ఓ పట్టాన అర్థం కాదు. నాకు తోచినంతలో, జనం మెచ్చుకునేవీ తప్పుపట్టేవీ వేరువేరు సంగతులు కావు. ఒకప్పుడు ఈ షాపు కొన్ని మాటలిచ్చింది. కొన్ని రాసిచ్చింది, కొన్ని రాయకుండానే ఇచ్చింది. కాలక్రమంలో ఏ మాట సడలిందో సరిగ్గా అక్కడే ఫిర్యాదు పుట్టింది. ఆ మాటల్ని ఒక్కొక్కటిగా చూస్తే చిక్కుముడి చాలావరకు విడిపోతుంది.

హై స్ట్రీట్ అంటే ఏ వీధి?

బ్రిటన్‌లో ఏ ఊరికెళ్లినా నడిబొడ్డున ఒక బజారు ఉంటుంది. చాలాచోట్ల దాని పేరే హై స్ట్రీట్. బ్యాంకు, మందుల షాపు, చెప్పుల షాపు, బట్టల షాపు అన్నీ అక్కడే. మనం ‘మెయిన్ బజారు’ అన్నట్టే. పేపర్లో ‘హై స్ట్రీట్ బ్రాండ్’ అని రాస్తే మాత్రం వీధి గురించి కాదు. డిజైనర్ల షాపు కానిది, మామూలు జీతగాళ్లు కొనుక్కోగలిగేది, ఊరూరా బ్రాంచి ఉన్నది అని అర్థం.

ఆ బజారులో పాత పేర్లు చాలా రాలిపోయాయి. సీ అండ్ ఏ 2001లో బ్రిటన్ వదిలి వెళ్లింది. వూల్‌వర్త్స్ 2009లో, బీహెచ్‌ఎస్ 2016లో, డెబెనమ్స్ 2021లో షాపులన్నీ మూసేశాయి. మార్క్స్ అండ్ స్పెన్సర్ మిగిలింది. జనం నోట్లో అది ‘మార్క్స్’ లేదా ‘ఎం అండ్ ఎస్’. ముద్దొస్తే ‘మార్క్స్ అండ్ స్పార్క్స్’. మూతబడ్డ షాపుల్ని తల్చుకుని అందరూ నిట్టూరుస్తారు గానీ తిట్లు తినేది తెరిచి ఉన్న షాపే.

పెన్నీ బల్ల నుంచి సెయింట్ మైకేల్ దాకా

1884లో మైకేల్ మార్క్స్ అనే యూదు యువకుడు లీడ్స్ నగరంలోని కర్క్‌గేట్ మార్కెట్‌లో ఒక బల్ల వేసుకున్నాడు. ఆయన ఇప్పటి బెలారూస్‌లోని స్లోనిమ్ నుంచి వలస వచ్చినవాడు. ఇంగ్లీషు అంతంతమాత్రం. ‘ధర అడగొద్దు, అంతా ఒక పెన్నీ’ అన్నది ఆయన నినాదం. భాష రానివాడికి బేరం బాధ తప్పించే ఉపాయం అది. కొనేవాళ్లకీ అదే హాయిగా అనిపించింది. 1894లో థామస్ స్పెన్సర్ 300 పౌండ్లు పెట్టి భాగస్తుడయ్యాడు.

అసలు మలుపు మైకేల్ కొడుకు సైమన్ మార్క్స్ కాలంలో వచ్చింది. 1920ల్లో ఆయన మధ్యలో ఉన్న హోల్‌సేల్ వ్యాపారుల్ని దాటి నేరుగా ఫ్యాక్టరీల దగ్గర కొనడం మొదలుపెట్టాడు. 1926లో లెస్టర్‌లోని కోరా అనే బట్టల మిల్లుతో అలాంటి ఒప్పందం కుదిరింది. కోరా వాళ్లకి ‘సెయింట్ మార్గరెట్’ అనే లేబుల్ ఉండేది. దానికి జోడీగా, తండ్రి పేరు కలిసొచ్చేలా, మార్క్స్ వాళ్లు 1928లో ‘సెయింట్ మైకేల్’ అన్న పేరు రిజిస్టర్ చేయించారు. ఆ తర్వాత సొంతంగా బట్టల పరీక్షల ల్యాబ్ పెట్టుకున్నారు. దారం ఎంత మందం ఉండాలి, రంగు ఎన్ని ఉతుకులకి ఆగాలి అన్నది షాపువాళ్లే ఫ్యాక్టరీకి చెప్పడం మొదలైంది.

దీని ఫలితం చూడాలంటే పాత సెయింట్ మైకేల్ స్వెటర్ ఒకటి తీసుకుని మెడ దగ్గర తిప్పి చూడాలి. చిన్న తెల్ల పట్టీ ఉంటుంది. దాని మీద పేరు, సైజు, ఉన్ని ఎంత నైలాన్ ఎంత, ఎలా ఉతకాలి, బ్రిటన్‌లో తయారైంది అన్న ముక్క ఉంటాయి. కొన్నావిడ తలచుకుని మెచ్చుకునేది ఆ పట్టీనే. ఫ్యాషన్ కోసం ఎవరూ ఆ షాపుకి వెళ్లలేదు. ‘ఇంటికెళ్లాక నన్ను మోసం చేయదు’ అన్న నమ్మకంతో వెళ్లారు. 2000లో కంపెనీ ఆ లేబుల్‌ని పక్కనబెట్టింది. సెకండ్‌హ్యాండ్ షాపుల్లో ఇప్పటికీ ఆ పట్టీ కోసం వెతికేవాళ్లున్నారు. ఆ పేరుందంటే బట్ట వయసు కనీసం పాతికేళ్లన్న లెక్క సులువుగా తేలిపోతుంది.

ట్రయల్ రూమ్ లేకపోవడం నుంచి పుట్టిన వాపసు పద్ధతి

చాలా దశాబ్దాల పాటు ఈ షాపుల్లో ట్రయల్ రూములు లేవు. జాగా అంతా సరుక్కే. దానికి బదులుగా ఇచ్చిన వెసులుబాటు: ఇంటికి తీసుకెళ్లి వేసుకుని చూడండి, నచ్చకపోతే తెచ్చి ఇవ్వండి, డబ్బులిచ్చేస్తాం. ఎందుకు నచ్చలేదని కూడా అడగం. బ్రిటన్‌లో ఎవరికైనా బహుమతిగా మార్క్స్ బట్టలు కొనడం ఇక్కణ్నుంచే అలవాటైంది. సైజు తప్పినా భయం లేదు కదా.

ఇక్కడ చట్టం ఏమంటుందో తెలియక చాలామంది తికమక పడతారు. బ్రిటన్ చట్టం ప్రకారం షాపుకెళ్లి చూసి కొన్న వస్తువు ‘మనసు మార్చుకున్నాను’ అని వెనక్కిచ్చే హక్కు ఎవరికీ లేదు. వస్తువులో లోపం ఉంటే మాత్రం 2015 నాటి వినియోగదారుల హక్కుల చట్టం కింద 30 రోజుల్లోపు తిప్పి ఇచ్చి పూర్తి డబ్బు అడగొచ్చు. ఆన్‌లైన్‌లో కొంటే లెక్క వేరు. చేత్తో పట్టి చూడలేదు కాబట్టి, అందిన దగ్గర్నుంచి 14 రోజుల్లో ఏ కారణమూ చెప్పకుండా రద్దు చేసుకోవచ్చు.

ఒక ఉదాహరణ. ఒకావిడ షాపులో నీలం స్కర్టు కొంది. ఇంటికెళ్లాక రంగు నచ్చలేదు. పదో రోజు తిరిగి వెళ్లింది. చట్టం ప్రకారం షాపు ‘కుదరదు’ అనొచ్చు. ఇచ్చేస్తే అది షాపు పెట్టుకున్న సొంత నియమం. అదే స్కర్టు జిప్పు ఊడొస్తే షాపు ఇష్టాయిష్టాలతో పని లేదు. మార్క్స్‌లో ఈ సొంత నియమానికి ఒకప్పుడు గడువంటూ ఉండేది కాదు. తర్వాత 90 రోజులు అన్నారు, ఆపై 35 రోజులకి కుదించారు. చట్టం ఏ గడువూ ఇవ్వని చోట 35 రోజులంటే ఇప్పటికీ ఉదారమే. కానీ నలభై ఏళ్లుగా వస్తున్న కస్టమర్‌కి పోలిక చట్టంతో కాదు, తన పాత అనుభవంతో. అందుకే కొత్తవాళ్లు ‘ఎంత బాగుందో’ అన్న నియమాన్నే పాతవాళ్లు ‘ఎంత దిగజారిందో’ అంటారు. ఇద్దరి మాటా నిజమే.

1998లో శిఖరం, ఆ వెంటనే లోయ

1998 మార్చితో ముగిసిన ఆర్థిక సంవత్సరంలో ఈ కంపెనీ పన్నుకి ముందు లాభం 100 కోట్ల పౌండ్లు దాటింది. బ్రిటన్‌లో ఏ రిటైల్ కంపెనీ అంతకుముందు అక్కడిదాకా వెళ్లలేదు. మూడేళ్లలో అది 15 కోట్ల లోపుకి పడిపోయింది.

ఏం జరిగింది? కారణాలు అన్నీ ఒకేసారి వచ్చి మీద పడ్డాయి. పైన జారా లాంటి బ్రాండ్లు కొత్త ఫ్యాషన్లు వారాల్లో తెచ్చి పెడుతున్నాయి. కింద ప్రైమార్క్ లాంటి చవక షాపులు, సూపర్‌మార్కెట్లు సగం ధరకి అమ్ముతున్నాయి. ఇక్కడేమో తన సొంత కార్డు తప్ప వేరే క్రెడిట్ కార్డు తీసుకోని పద్ధతి 2000 దాకా సాగింది. వినడానికి వింతగా ఉంటుంది గానీ, నమ్మకం మీద నడిచే షాపుకి కార్డుల వాళ్ల కమీషన్ కట్టడం ఇష్టం లేకపోయింది.

అన్నిటికంటే పెద్ద మార్పు బట్ట ఎక్కడ కుట్టించాలన్నది. చాలాకాలం ఈ షాపు సరుకులో అత్యధిక భాగం బ్రిటన్‌లోనే తయారయ్యేది. ‘మన ఫ్యాక్టరీల బట్ట’ అన్న గర్వం కూడా ధరలో కలిసి ఉండేది. పోటీదారులు ఆసియాలో చవగ్గా కుట్టిస్తుంటే అది నిలబడలేదు. 1999లో మార్క్స్ తనకి 30 ఏళ్లుగా బట్టలు కుట్టిపెడుతున్న విలియం బేర్డ్ అనే కంపెనీకి ఆర్డర్లు ఆపేసింది. బేర్డ్ వాళ్లు కోర్టుకెళ్లారు. ముప్ఫై ఏళ్ల బంధాన్ని ఉన్నట్టుండి తెంచకూడదని వాదించారు. 2001లో అప్పీలు కోర్టు వాళ్ల వాదన కొట్టేసింది. ఇద్దరి మధ్య అంత పెద్ద వ్యాపారం నడిచింది గానీ, ఎంత కొంటాం, ఎన్నాళ్లు కొంటాం అని కట్టుబడే ఒప్పందం లేదని తేల్చింది.

ఈ కేసు ఇప్పటికీ బ్రిటన్‌లో న్యాయశాస్త్రం చదివేవాళ్లకి పాఠం. నాకైతే కస్టమర్ల సంగతి అర్థం చేసుకోవడానికి ఇంతకంటే మంచి కిటికీ దొరకదు. కొనేవాళ్లకీ షాపుకీ మధ్య ఉన్నది కూడా అచ్చం అలాంటి బంధమే. ఏళ్ల తరబడి అలవాటు ఉంది. కాగితం లేదు. మారినప్పుడు మోసపోయినట్టు అనిపిస్తుంది, కానీ ఏ కోర్టూ అందులో మోసం చూడదు.

‘క్వాలిటీ పడిపోయింది’ అన్న మాటని ఎలా తూచాలి?

ఈ షాపు మీద అన్నిటికంటే ఎక్కువ వినిపించే మాట ఇది. నిజానిజాలు చూడాలంటే ముందు ధర లోపల ఏముందో విప్పాలి.

30 పౌండ్ల ప్యాంటు ఒకటి అనుకుందాం. బ్రిటన్‌లో పెద్దల బట్టల మీద 20% వ్యాట్ ఉంటుంది, అది చీటీ మీద ధరలోనే కలిసి ఉంటుంది. 30లో ఆరో వంతు, అంటే 5 పౌండ్లు, ప్రభుత్వానికి. మిగిలింది 25. లెక్క కోసం బట్ట, కుట్టుకూలి, ఓడ ఖర్చు కలిపి ప్యాంటు షాపుకి చేరేసరికి 10 పౌండ్లు పడిందనుకుందాం. ఇక 15. అందులోంచే అద్దె, కరెంటు, స్థానిక పన్నులు, జీతాలు, అమ్ముడుపోక సగం ధరకి వదిలించుకున్న సరుకు నష్టం, చివర్లో లాభం. 21 ఏళ్లు నిండినవాళ్లకి చట్టబద్ధమైన కనీస వేతనం 2025 ఏప్రిల్‌లో గంటకి 12.21 పౌండ్లకి చేరింది.

ఇప్పుడు నూలు ధర పెరిగి తయారీ ఖర్చు ఒక పౌండు ఎక్కువైందనుకోండి. ఆ పౌండు రాబట్టాలంటే వ్యాట్‌తో కలిపి చీటీ మీద 1.20 పెంచాలి. 31.20 అన్న ధర ఎవరికీ రుచించదు. 30 దగ్గరే ఆపాలంటే ఆ పౌండుని ప్యాంటులోంచే తీయాలి. గుడ్డ కాస్త పల్చన, అంచు మడత కాస్త సన్నం, లోపలి జేబుకి చవక గుడ్డ. ఇది ఒక్క కంపెనీ చేసే పని కాదు, రెడీమేడ్ బట్టల వ్యాపారమంతా ఇలాగే నడుస్తుంది. ఒక్క ఏడాదిలో తేడా తెలీదు. పదిహేనేళ్ల కిందటి ప్యాంటు పక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది.

ఇంకో వైపు కూడా చూడాలి. దేశాల మధ్య బట్టల దిగుమతికి 1974లో మల్టీ ఫైబర్ ఒప్పందంతో వచ్చిన కోటాలు 2005 జనవరి 1తో ముగిశాయి. ఆ తర్వాత బట్టల ధరలు జీతాలతో పోలిస్తే బాగా దిగాయి. 1980ల్లో మార్క్స్ స్వెటర్ కొనడమంటే ఆలోచించి కొనేది. ఇప్పుడు పక్క షాపులో దాని కంటే చాలా చవగ్గా దొరుకుతుంది. అంటే పాత నాణ్యత కావాలనేవాళ్లు పాత ధర, ఇప్పటి జీతాలకి సరిపోల్చినంత ధర, ఇవ్వడానికి సిద్ధమా అన్నది కూడా అడగాలి కదా. కొందరు సిద్ధమే. ఎక్కువమంది కాదు.

మన్నికని లెక్కగట్టడానికి చాలామంది వాడే సులువైన కొలత ఒకటుంది: ఒక్కసారి తొడుక్కోవడానికి ఎంత పడింది? 15 పౌండ్ల ప్యాంటు 20 సార్లకి మోకాళ్ల దగ్గర సాగిపోతే ఒక్కోసారికి 75 పెన్నీలు. 40 పౌండ్ల ప్యాంటు 100 సార్లు వస్తే 40 పెన్నీలు. మార్క్స్‌ని వెనకేసుకొచ్చేవాళ్లు చెప్పేది ఈ రెండో లెక్కే. స్కూలు యూనిఫాం, లోదుస్తులు, నైట్‌డ్రెస్సుల విషయంలో వీళ్ల మాటకి బలం ఎక్కువ. పైగా పిల్లల బట్టలకి వ్యాట్ లేదు. విమర్శకులు అడిగేది, ఆ 100 సార్లు ఇప్పుడు వస్తుందా అన్నదే.

జ్ఞాపకం చేసే గారడీ కూడా కొంత ఉంది. నాయనమ్మ బీరువాలో 1985 నాటి స్వెటర్ చెక్కుచెదరకుండా ఉందంటే, చెక్కుచెదిరినవన్నీ ఎప్పుడో గుడ్డపేలికలై పోయాయని అర్థం. మిగిలింది చూపించి ‘అప్పట్లో అన్నీ ఇలాగే ఉండేవి’ అనడం న్యాయమైన పోలిక కాదు. అలాగని మొత్తం భ్రమ అని కొట్టేయడానికీ లేదు. పైన చెప్పిన ఒక్కో పౌండు కథ నిజమే.

రెండు పౌండ్ల గొడవ

బ్రిటన్‌లో ఆడవాళ్ల లోదుస్తుల అమ్మకాల్లో ఈ షాపుది ఎప్పట్నుంచో పైచేయి. మొదటి బ్రా ఇక్కడే కొలత తీయించుకుని కొనుక్కోవడం చాలా ఇళ్లలో ఆనవాయితీ. అలాంటి చోట డీడీ, ఆపై పెద్ద కప్పు సైజులకి 2 పౌండ్లు ఎక్కువ వేస్తున్నారని గొడవ లేచింది. పెద్ద సైజుకి బట్ట ఎక్కువ పడుతుంది, కుట్టులో పని ఎక్కువ, కాబట్టి ధర ఎక్కువ అని కంపెనీ సమాధానం. మరి 20 సైజు ప్యాంటుకీ 10 సైజు ప్యాంటుకీ ఒకే ధర ఎందుకు పెడుతున్నారని ఆడవాళ్ల ఎదురు ప్రశ్న. ఆన్‌లైన్‌లో వేలమంది కూడారు. 2009 మేలో కంపెనీ తప్పు ఒప్పుకుంటూ పేపర్లలో ప్రకటన వేసి, ఆ రెండు పౌండ్లూ తీసేసింది.

వ్యాపారపరంగా చూస్తే కథ ఇంత. వంద బ్రాల్లో 30 పెద్ద సైజులు అనుకుందాం. వాటికి అదనంగా అయ్యే ఖర్చు 60 పౌండ్లు. ఆ 30 మందే కడితే తలా 2 పౌండ్లు. వందమందికీ పంచితే తలా 60 పెన్నీలు. రెండు పద్ధతులూ లెక్కలో సరైనవే. కానీ ‘అందరికీ ఒకే ధర’ అని మొదలైన షాపులో, ఒంటి కొలత చూసి ఎక్కువ డబ్బు అడగడం పాత మాటని తప్పినట్టయింది.

సైజుల విషయంలో ఇంకో చిరాకు ఉంది. బ్రిటన్‌లో 12 సైజంటే నడుము ఇంత ఉండాలని నిర్బంధంగా చెప్పే చట్టం లేదు. కొలతల ప్రమాణాలు ఉన్నాయి గానీ పాటించడం ఐచ్ఛికం. ప్రతి షాపు తన ‘సగటు కస్టమర్’ని ఊహించుకుని కొలతలు కట్టుకుంటుంది. అందుకే ఒక చోట 12 సరిపోయినావిడకి ఇంకో చోట 14 కావాలి.

అందరి షాపు కావడంలో ఉన్న చిక్కు

ఏదైనా కుర్రకారు బ్రాండుకి పని తేలిక. పాతికేళ్ల లోపు వాళ్లని మెప్పిస్తే చాలు. మార్క్స్‌కి పద్నాలుగేళ్ల పిల్ల, ఆమె తల్లి, ఆ తల్లి తల్లి ముగ్గురూ ఒకే రోజు రావాలి, ముగ్గురికీ ఏదో ఒకటి దొరకాలి. మోకాలి కిందకి దిగే స్కర్టులు, చేతులున్న డ్రెస్సులు కావాలనేది పెద్దావిడ గోడు. ఈ కంపెనీ వాటాదారుల వార్షిక సమావేశంలో లాభనష్టాల ప్రశ్నల మధ్య, డ్రెస్సులకి చేతులు ఎందుకు పెట్టరని ఆడవాళ్లు లేచి అడిగిన సందర్భాలున్నాయి. వాళ్లు వాటాదారులూ, కొనేవాళ్లూ కూడా.

కంపెనీ ఈ చిక్కుకి రకరకాల మందులు వేసింది. 2001లో జార్జ్ డేవీస్ చేత ‘పర్ ఊనా’ అనే వేరే లేబుల్ పెట్టించింది. నెక్స్ట్ షాపుల్నీ, ఆస్డా సూపర్‌మార్కెట్‌లో జార్జ్ బట్టల్నీ నడిపించింది ఆయనే.  2021లో జేగర్ అనే పాత బ్రాండుని కొంది. బయటి బ్రాండ్లని కూడా తన వెబ్‌సైట్లో, షాపుల్లో అమ్మడం మొదలుపెట్టింది. ఒకప్పుడు సొంత లేబుల్ తప్ప ఇంకోటి కనిపించని షాపుకి ఇది పెద్ద మార్పే. 2019లో లండన్ స్టాక్ మార్కెట్‌లోని వంద పెద్ద కంపెనీల సూచీ నుంచి మొదటిసారి జారిపోయి, 2023లో మళ్లీ ఎక్కింది.

లేబుళ్లు పెరిగేకొద్దీ ఇంకో ఇబ్బంది. హాలు నిండా హ్యాంగర్లు, ఏది ఎవరికో తెలీని గందరగోళం. ‘అన్నీ ఉన్నాయి, నాకు కావలసిందే లేదు’ అన్న మాట ఇక్కడ పుట్టింది. ఏ రకం తగ్గించినా ఆ రకం కోసమే వచ్చేవాళ్లకి కోపం. తగ్గించకపోతే అందరికీ చిరాకు.

కింద తిండి, పైన బట్టలు

ఇది బట్టల షాపు అని ఇంతసేపూ రాస్తూ వచ్చాను గానీ, డబ్బు లెక్కలో అది పాత మాట. 2025 మార్చితో ముగిసిన ఏడాదిలో తిండి సరుకుల అమ్మకాలు దాదాపు 900 కోట్ల పౌండ్లు. బట్టలు, ఇంటి సామాను, కాస్మెటిక్స్ అన్నీ కలిపి 420 కోట్లు. రెడీగా తినే భోజనాలు, శాండ్‌విచ్‌లు, బిస్కెట్లు, పూలు ఇప్పుడు ఈ కంపెనీని మోస్తున్నాయి.

ఊళ్లలో షాపుల మూసివేతలు అర్థం కావాలంటే ఈ రెండు అంకెలు గుర్తుంచుకోవాలి. బట్టలు, తిండి రెండూ ఉండే పెద్ద షాపుల్ని 247 నుంచి 180కి తగ్గిస్తామని, తిండి మాత్రమే అమ్మే చోట్లని 420కి పెంచుతామని 2022లో ప్రకటించింది. పాత బజారులో మూడంతస్తుల భవనం బదులు, ఊరి బయట కార్లు పెట్టుకునే జాగా ఉన్నచోట ఒకే అంతస్తు షాపు. పాత భవనాల్లో లిఫ్టులు చాలవు, సరుకు దించడానికి లారీ ఆగదు, అద్దె, పన్ను ఎక్కువ అన్నది కంపెనీ వాదన. కాదనలేం. కానీ కారు లేక బస్సులో బజారుకొచ్చే పెద్దవాళ్లు, అంటే ఈ షాపుని దశాబ్దాలుగా పోషించినవాళ్లే, అక్కడికి చేరలేరు. మార్క్స్ బోర్డు దిగిపోతే పక్కనున్న చిన్న కొట్లకి కూడా జనం తగ్గుతారన్నది స్థానిక మున్సిపాలిటీల దిగులు.

సైబర్ దాడి తర్వాతి ఆరు నెలల లెక్కల్లో కూడా ఈ రెండు వ్యాపారాల తేడా బయటపడింది. బట్టలు, ఇంటి సామాను విభాగం అమ్మకాలు 16.4% పడ్డాయి. తిండి అమ్మకాలు 7.8% పెరిగాయి. బీమా సొమ్ము 10 కోట్ల పౌండ్లు వచ్చినా, దాడి ఖర్చులన్నీ పోగా పన్నుకి ముందు లాభం 39 కోట్ల చిల్లర నుంచి 34 లక్షల పౌండ్లకి కూలింది. ఆర్డర్ పెట్టలేకపోయిన బ్లౌజు కోసం ఇంకో షాపుకెళ్లినావిడే మధ్యాహ్నం శాండ్‌విచ్‌కి మాత్రం ఇక్కడికే వచ్చిందన్నమాట.

హైదరాబాద్ మాల్‌లో అదే పేరు, వేరే హోదా

మన దేశంలోకి ఈ పేరు 2001లో వచ్చింది. 2008లో రిలయన్స్ రిటైల్‌తో కలిసి ఉమ్మడి కంపెనీ పెట్టారు. 51% వాటా బ్రిటన్ వాళ్లది, 49% రిలయన్స్‌ది. హైదరాబాద్ మాల్స్‌లో ఈ షాపుంది. కానీ అక్కడ ఎవరికీ అది నాయనమ్మల షాపు కాదు. ‘ఫారిన్ బ్రాండ్’, ఫార్మల్ చొక్కాలు, లినెన్ ప్యాంట్లు, చేతిలో కాస్త డబ్బు ఆడే ఉద్యోగులు తిరిగే చోటు. సెయింట్ మైకేల్ జ్ఞాపకం లేదు, మూతబడ్డ బ్రాంచి బాధ లేదు. మాట ఇచ్చినట్టు ఎవరికీ గుర్తులేదు కాబట్టి తప్పినట్టూ ఎవరికీ అనిపించదు. ఇక్కడివాళ్ల ఫిర్యాదల్లా రేటు మీదే.

ఇదే మనిషి విమానమెక్కి లెస్టర్‌లోనో లీడ్స్‌లోనో దిగాక చూపు మారుతుంది. కొడుకు దగ్గరికి ఆరు నెలలకి వచ్చిన తల్లిని చలికోటు కోసం ఆ షాపుకి తీసుకెళ్తే ఆవిడ ముందు స్వెటర్ అంచు వేళ్ల మధ్య నలిపి చూస్తుంది. తర్వాత లోపలి కుట్టు తిప్పి చూస్తుంది. ఆఖర్న చీటీ తిప్పి, ‘ఇండియాలో తయారైందంట్రా, ఇది కొనడానికి ఇక్కడిదాకా రావాలా’ అంటుంది. ‘చలికి ఆగుతుందమ్మా, తీసుకో’ అంటాడు వాడు. ఆ కొడుకు చదువుకునే రోజుల్లో బట్టల అంతస్తు ఎక్కిందే లేదు. సాయంత్రం షాపు కట్టేసే వేళకి కింద ఫుడ్ హాల్లో, ధర తగ్గించి పసుపు చీటీ అంటించిన డబ్బాల దగ్గర నిలబడేవాడు. పైకి ఎక్కింది మొదటి డిసెంబర్‌లో, థర్మల్స్ కోసం.